తలాఖ్ నాడు ఇల్లెవరిది? — ఆస్తి పంపకం గురించి చరిత్ర చెప్పే సంగతులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ రెండు పనుల్లోనూ మనిషి సత్తా ఏపాటిదో తేలిపోతుంది. కానీ వీటిని మించిన కష్టం మరొకటి ఉంది. చేసిన పెళ్ళి చెడి, కట్టిన ఇల్లు పంచవలసి రావడం. ఆ కష్టం పగవాడిక్కూడా రాకూడదనే మనమంతా కోరుకుంటాము. అయినా వస్తూనే ఉంది. వచ్చినప్పుడు ఏది న్యాయమో తెలియక, తెలిసినవారు చెప్పక, చెప్పినా వినక ఎన్నో కుటుంబాలు నలిగిపోతున్నాయి. కావున ఈ సంవత్సరపు సంచికలో ఈ విషయాన్ని చరిత్ర దృష్టితో పాఠకుల ముందుంచదలచినాము.

ముందుగా మా అనుభవంలోని ఒక సంగతి మనవి చేస్తాము. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంకాలం అసర్ నమాజు తర్వాత ఒక తల్లి, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చింది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ముగ్గురు పిల్లలు. భర్త తలాఖ్ చెప్పాడు. మహర్ పదిహేను వందల రూపాయలు, ఇద్దత్ మూడు నెలల ఖర్చు ఇస్తానన్నాడు. ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యమన్నాడు. ఆ ఇల్లు కట్టేటప్పుడు ఆమె పుట్టింటి నగలు ఎనిమిది తులాలు అమ్మారు. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. కానీ రిజిస్ట్రేషన్ కాగితం మీద పేరొక్కటే, భర్తది.

"చిచ్చా, నగలమ్మి ఇటుకలు తెచ్చుకున్నాం. పట్టాలో నా పేరు కూడా రాయించమని అడగాలని అప్పుడు తోచలేదు. మొగుడే కదా, వేరే ఎవరు అనుకున్నాను" అన్నదామె.

మేము నాలుగు సార్లు కూర్చున్నాము. చివరకు మహర్ ఇప్పించాము. నగలకు, అవి అమ్మిననాటి ధర కట్టి ఆ డబ్బు ఇప్పించాము. రాజీ కుదిరిందని మాలో మేము సంతోషపడ్డాము కూడా. కాని ఎనిమిది తులాలు ఇచ్చిన మనిషి చేతికి ఆ డబ్బుతో ఒక్క తులమైనా రాలేదు. బంగారం తూకం అడగవలసిన చోట రూపాయలు అడిగినాము. ఇంట్లో వాటా అడగవలసిన చోట నోరు మెదపలేదు. ఆమె తమ్ముడింటికి వెళ్ళిపోయింది. ఆనాడు మేము చేసింది న్యాయం కాదు, సర్దుబాటు మాత్రమే. ఆ బాధ మమ్మల్ని కొన్ని పుస్తకాలు తిరగేయించింది, కొందరు ఉలమాలను, వకీళ్ళను కలిసేలా చేసింది. ఆ తెలుసుకున్నదే ఈ వ్యాసము.

మహర్ — వధువు వెల కాదు, వధువు ఆస్తి

ఇస్లాముకు ముందు అరేబియాలో పెళ్ళికూతురి నిమిత్తం ఇచ్చే సొమ్ము చాలా చోట్ల ఆమె తండ్రికో, సంరక్షకునికో చేరేది. ఖుర్ఆన్ ఆ ఆచారాన్ని తలక్రిందులు చేసింది. నిసా సూరా నాలుగవ ఆయతు ప్రకారం మహర్ స్త్రీ చేతికే ఇవ్వాలి. ఆమె ఇష్టపడి కొంత వదులుకుంటే తప్ప అది మరెవరిదీ కాదు. అదే సూరా ఇరవయ్యవ ఆయతు మరింత గట్టిది. భార్యను విడిచి మరొకరిని చేసుకోదలచినవాడు, మొదటామెకు బంగారపు రాశి ఇచ్చి ఉన్నా సరే, అందులోంచి ఏదీ వెనక్కి తీసుకోరాదు. ముప్పై రెండవ ఆయతులో పురుషుల సంపాదన పురుషులది, స్త్రీల సంపాదన స్త్రీలది అన్న భావము ఉన్నది.

ఈ చివరి మాట మీదనే ఇస్లామీయ న్యాయశాస్త్రం భార్యాభర్తల ఆస్తి విషయాన్ని నిర్మించింది. పెళ్ళితో ఇద్దరి ఆస్తీ ఒకటైపోదు. ఆమె పొలం ఆమెది, ఆయన కొట్టు ఆయనది. ఇంగ్లండులో 1882 చట్టం వచ్చేవరకు, సొంత ఏర్పాటు లేని సాధారణ కుటుంబాలలో, పెళ్ళయిన స్త్రీ ఆస్తి మీద పెత్తనం భర్తదే. పెళ్ళయినా ముస్లిం స్త్రీ తన ఆస్తిని తానే కొనవచ్చు, అమ్మవచ్చు, దావా వెయ్యవచ్చు అన్న నియమం అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందునుంచే ఉన్నది. దీనికి మనం గర్వపడటంలో తప్పు లేదు. కాని గర్వపడి ఊరుకోవడంలో తప్పున్నది. ఎందుకంటే ఎవరిది వారికే అన్న సూత్రం, ఇద్దరికీ విడివిడిగా ఆస్తి ఉన్నప్పుడే న్యాయంగా పని చేస్తుంది. ఆమె బంగారం కరిగి ఆయన పేరిట ఇల్లయినప్పుడు అదే సూత్రం ఆమె మెడకు చుట్టుకుంటుంది.

హజ్రత్ ఉమర్ (రజి) గారి కాలం గురించి తఫ్సీర్ గ్రంథాలలో ఒక కథనం ఉన్నది. మహర్లు మితిమీరుతున్నాయని, వాటికి హద్దు పెట్టాలని ఆయన మింబర్ మీద నుంచి చెప్పగా, ఒక స్త్రీ లేచి, అల్లాహ్ బంగారపు రాశి ఇచ్చినా తీసుకోవద్దంటే మీరు హద్దెలా పెడతారని అడిగిందట. ఖలీఫా తన మాట వెనక్కి తీసుకొన్నారట. ఈ కథనం సనదు గురించి పండితులలో చర్చ ఉన్నది. కాని తరతరాలుగా మన సమాజం దీన్ని చెప్పుకుంటూ వచ్చిందంటే, ఆస్తి సంగతి అడిగే ఆడదాని నోరు ఖలీఫా కూడా మూయించలేడన్నది మనవాళ్ళకు నచ్చిన మాటే అని తెలుస్తున్నది.

తోట కథ, ఇంటి మాట

ప్రవక్త (స) వారి కాలంలోనే విడాకుల్లో ఆస్తి సమస్య ఒకటి వచ్చింది. సాబిత్ బిన్ ఖైస్ గారి భార్య ప్రవక్త వద్దకు వచ్చింది. భర్త నడతలోగాని, ధర్మంలోగాని లోపం చెప్పలేదు. కాని అతనితో కాపురం చేయలేనన్నది. అతడు ఆమెకు మహర్‌గా ఒక తోట ఇచ్చి ఉన్నాడు. ఆ తోట తిరిగి ఇచ్చేస్తావా అని ప్రవక్త అడిగితే, ఇస్తానన్నది. తోట తీసుకొని ఆమెను విడిచిపెట్టమని సాబిత్ గారికి చెప్పారు. ఈ హదీసు బుఖారీలో ఉన్నది. ఖులాకు మూలమదే.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. మహర్ అంటే కాగితం మీద ఏదో ఒక అంకె కాదు. అది తోట. కాయలు కాసేది, కూడు పెట్టేది. విడిపోదలచింది భార్య గనుక తోట తిరిగి ఇచ్చింది. అదే భర్త విడిచిపెడితే ఆ తోట ఆమెకే మిగిలేది. నాడు మహర్ నిజమైన ఆస్తి గనుకనే, విడాకుల నాడు పంపకం ఎలాగన్న ప్రశ్న చాలామటుకు పెళ్ళినాడే తీరిపోయి ఉండేది.

ఇక ఇంటి మాట. తలాఖ్ సూరా మొదటి ఆయతు, ఇద్దత్‌లో ఉన్న స్త్రీలను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టవద్దంటుంది. అక్కడ వాడిన మాట "వారి ఇళ్ళు" అని. వారి అంటే భార్యల. ఇల్లు కట్టింది భర్తే కావచ్చు, అయినా ఖుర్ఆన్ దాన్ని ఆమె ఇల్లుగానే పేర్కొన్నది. ఈ మాట వల్ల ఇల్లు ఆమె పేరిట రిజిస్టరయిపోతుందని మేము అనడం లేదు, ఫుఖహాలూ అనలేదు. కాని తలాఖ్ మాట నోట్లోంచి వచ్చిన రాత్రే ఆమె పెట్టె వీధిలో పెట్టే మనిషి ఏ షరీఅత్‌ను పాటిస్తున్నట్లు? బఖరా సూరా 241 వ ఆయతు విడాకులు పొందిన స్త్రీలకు న్యాయసమ్మతంగా 'మతా', అంటే జీవన సదుపాయం, ఇవ్వాలంటుంది. ఈ ఒక్క ఆయతు చుట్టూ మన దేశంలో ఎంత వాదం నడిచిందో ముందు చెప్పబోతున్నాము.

మన దేశంలో మహర్ నడిచిన దారి

హిందూస్తానంలో మహర్‌కు రెండు రూపాలు గట్టిపడ్డాయి. అడిగిన వెంటనే ఇవ్వవలసినది ఒకటి, తలాఖ్ నాడో మరణం నాడో ఇవ్వవలసినది ఇంకొకటి. వాయిదా మహర్‌ను పెద్ద పెద్ద ఇళ్ళలో లక్షలలో రాసేవారు. ఉద్దేశం మంచిదే. అంత సొమ్ము ఇవ్వలేక భర్త తలాఖ్ జోలికి పోడని. కాని రాసింది ఇవ్వడానికి కాదు, బెదిరించడానికి అన్న భావం నాటుకుపోయింది. ఆఖరికి 1876 అవధ్ చట్టంలో, మహర్ భర్త తాహతుకు మించి ఉంటే కోర్టు తగ్గించవచ్చునని రాయవలసి వచ్చింది.

1886 లో అలహాబాదు హైకోర్టులో జస్టిస్ సయ్యద్ మహమూద్ ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మైలురాయి. ఆయన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి కుమారుడు. మహర్ దయతో ఇచ్చేది కాదని, నికాహ్‌తో పుట్టే బాధ్యత అని, తక్షణ మహర్ చెల్లించనిదే కాపురానికి రమ్మని భర్త బలవంతపెట్టలేడని ఆ తీర్పు వివరించింది. ఆ తర్వాత ప్రీవీ కౌన్సిల్ ముందుకు వితంతువుల దావాలు వెళ్ళాయి. మహర్ బాకీకి బదులుగా భర్త ఇంటినీ భూమినీ గొడవ లేకుండా స్వాధీనంలో ఉంచుకొన్న స్త్రీని, ఆ బాకీ తీరేవరకు వారసులు కదిలించరాదని 1916 లో తేలింది. కాని స్వాధీనం వేరు, సొంతం వేరు, ఆ ఆస్తిని ఆమె అమ్మరాదని 1920ల్లో మరో తీర్పు చెప్పింది.

మన హైదరాబాదు నుంచే ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళి తీర్పయింది. భర్త చనిపోయాడు. మహర్ బాకీ కింద ఆమె ఇంటిని పట్టుకొని ఉన్నది. భర్తకు అప్పిచ్చిన షావుకారు డిక్రీతో ఆ ఇంటి మీదకు వచ్చాడు. మహర్ కూడా ఒక అప్పే, మిగతా అప్పులవాళ్ళతో సమానంగానే దాని స్థానం, అంతకు మించి ముందు హక్కు దానికి లేదని కోర్టు తేల్చింది. చట్టం లెక్కన అది సబబే కావచ్చు. కాని ఆ తీర్పు నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటున్నది. "ఇంటి మీద నాకు మహర్ బాకీ ఉంది" అన్న మాటకూ, "ఈ ఇల్లే నా మహర్, ఇదిగో కాగితం" అన్న మాటకూ చాలా దూరమున్నది.

శాసనసభల కాలం

1937 షరీఅత్ చట్టం నికాహ్, తలాఖ్, మహర్, పోషణ, హిబాలతో పాటు స్త్రీల ప్రత్యేక ఆస్తిని కూడా పేరు పెట్టి చెప్పి, ఈ విషయాలలో ఆచారం కాదు, షరీఅత్తే వర్తించాలన్నది. అప్పటివరకు ఆచారం పేరిట ఆడపిల్లలకు ఆస్తి ఎగ్గొట్టే ప్రాంతాలు చాలా ఉండేవి. అయితే వ్యవసాయ భూమిని ఆ చట్టం మినహాయించింది. మద్రాసు శాసనసభ 1949 లో ఆ మినహాయింపును తొలగించింది. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనివే గదా. పల్లెల్లో ఆస్తి అంటే పొలమే. కాబట్టి ఇది చిన్న మార్పు కాదు.

1939 లో వచ్చిన వివాహ రద్దు చట్టం, ముస్లిం స్త్రీ కోర్టుకు వెళ్ళి విడాకులు కోరగల కారణాలను వరుసగా పేర్కొన్నది. అందులో చాలామంది చూడని ఒక క్లాజు ఉన్నది. భార్య ఆస్తిని భర్త అమ్మివేసినా, దాని మీద ఆమె హక్కులను వాడుకోకుండా అడ్డుపడినా, అది క్రూరత్వమే, విడాకులకు కారణమే. కొట్టడమొక్కటే క్రూరత్వం కాదు, ఆమె సొమ్ము కాజేయడమూ క్రూరత్వమేనని చట్టమే ఒప్పుకున్నది. ఇలా విడిపోయినంత మాత్రాన ఆమె మహర్ హక్కు పోదని కూడా అదే చట్టం చెప్పింది.

అయిదు వేలు, అయిదు వందలు, మూడు వేలు

1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 వ సెక్షన్‌లో "భార్య" అన్న మాటకు విడాకులు పొందిన స్త్రీని కూడా చేర్చారు. అయితే 127 వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు పెట్టారు. ఆచారం ప్రకారమో, మత న్యాయం ప్రకారమో విడాకుల నాడు రావలసిన మొత్తం ఆమెకు ముట్టి ఉంటే భరణం రద్దు చేయవచ్చునని. ఈ మెలిక మీద మూడు పెద్ద కేసులు నడిచాయి.

మొదటిది బొంబాయి బాయి తాహిరా కేసు. 1962 లో విడిపోయినప్పుడు అయిదు వేల మహర్, ఇద్దత్‌కు 180 రూపాయలు, దానితో పాటు ఆమె ఉంటున్న ఫ్లాటు కూడా రాజీ డిక్రీలో ఆమెకు వచ్చాయి. 1978 లో తీర్పు రాస్తూ జస్టిస్ కృష్ణయ్యర్ వేసిన ప్రశ్న సూటిగా ఉంటుంది. ఆ అయిదు వేల మీద వచ్చే వడ్డీతో ఒక మనిషి బ్రతకగలదా? బ్రతకలేనప్పుడు ఆ మహర్ భరణానికి బదులు కాజాలదన్నారు. ఆ రాజీలో నగదు కంటె విలువైనది ఇల్లేనని ఎవరికైనా తెలుస్తుంది. తల దాచుకొనే చోటు ఉండబట్టే ఆమె తిండికోసం కోర్టులో పోరాడగలిగింది.

రెండవది మన ఆంధ్రప్రదేశ్ కేసు, ఫజ్లున్ బీ వర్సెస్ ఖాదర్ వలీ. భర్త బ్యాంకు ఉద్యోగి. భరణం తప్పించుకోవడానికి తలాఖ్ చెప్పి, అయిదు వందల మహర్, ఇద్దత్ కింద 750 చెల్లించానన్నాడు. 1980 లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

మూడవది అందరికీ తెలిసిన షాబానో కేసు. 1932 లో పెళ్ళి. 1975 లో ఇంటి నుంచి వెళ్ళగొట్టారు. 1978 లో తలాఖ్. మహర్ మూడు వేలు. కింది కోర్టు నెలకు 25 రూపాయలు, హైకోర్టు 179 రూపాయల 20 పైసలు ఇమ్మన్నాయి. 1985 ఏప్రిల్ 23 న సుప్రీంకోర్టు దాన్ని ఖాయపరచింది. ఆ తీర్పులో షరీఅత్ గురించిన వ్యాఖ్యలు మన సమాజాన్ని నొప్పించాయి. ఊరూరా సభలు జరిగాయి, ఊరేగింపులు జరిగాయి. అప్పటి వాదాలను ఇక్కడ తిరగదోడము. కాని ఆ రొదలో మనమంతా మరచిపోయిన ఒక లెక్క ఉన్నది. నలభై మూడేళ్ళు కాపురం చేసిన ఇంట్లో ఆ ముసలితల్లి వంతు ఎంత అని ఎవరూ అడగలేదు. కోర్టు అడగలేదు, మనమూ అడగలేదు. అందరమూ నెలవారీ రూపాయల దగ్గరే ఆగిపోయాము.

1986 చట్టం — మనం చదవని సెక్షన్

ఆ ఆందోళన ఫలితంగా 1986 మే నెలలో ముస్లిం స్త్రీల (విడాకులపై హక్కుల రక్షణ) చట్టం వచ్చింది. ఆ చట్టం స్త్రీకి ఉన్నది తీసేసిందన్న ప్రచారమే ఎక్కువ. తీరా మూడవ సెక్షన్ తెరిచి చూస్తే నాలుగు హక్కులు కనిపిస్తాయి. ఇద్దత్ గడువులోగా సముచితమైన, న్యాయమైన ఏర్పాటు, పోషణ. ఆమె దగ్గర ఉన్న పిల్లలకు పుట్టిననాటి నుంచి రెండేళ్ళ దాకా పోషణ. నికాహ్ నాడో తర్వాతో ఒప్పుకొన్న మహర్ మొత్తం. పెళ్ళికి ముందు, పెళ్ళినాడు, పెళ్ళి తర్వాత ఆమె బంధువులు, స్నేహితులు, భర్త, భర్త బంధువులు ఆమెకిచ్చిన ఆస్తి అంతా.

ఈ చివరిది మళ్ళీ చదవండి. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం, మామగారు ఇచ్చిన గొలుసు, మంచం, బీరువా, కుట్టుమిషను అన్నీ అందులోకి వస్తాయి. ఇవ్వకపోతే ఆమె మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆజ్ఞ అయినా చెల్లించని భర్తకు ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. మా ముందుకు వచ్చిన ఆ తల్లి విషయంలో ఈ సెక్షన్ మాలో ఒక్కరికైనా గుర్తుకు వచ్చి ఉంటే, కథ మరోలా ఉండేదేమో.

ఈ చట్టం చెల్లదని వేసిన దావాలో 2001 సెప్టెంబరు 28 న అయిదుగురు న్యాయమూర్తుల తీర్పు వచ్చింది. దావా వేసిన దానియల్ లతీఫీ, షాబానో పక్షాన వాదించిన వకీలే. చట్టం చెల్లుతుందని కోర్టు అంటూనే దాని అర్థం విప్పి చెప్పింది. ఇద్దత్‌లోగా అంటే ఇద్దత్ వరకే సరిపడా అని కాదు. ఆమె మున్ముందు జీవితానికంతటికీ కావలసిన ఏర్పాటు ఇద్దత్ ముగిసేలోగా చేసిపెట్టాలని. ఆ ఏర్పాటులో తిండి, బట్టలతో పాటు నివాసం కూడా ఉంటుందని కోర్టు చెప్పింది. తలాఖ్ సూరాలోని ఇంటి మాట, బఖరా సూరాలోని మతా మాట, ఇన్నాళ్ళకు ఒక తీర్పులో కలుసుకున్నట్లు మాకు తోచింది.

మరో తీర్పు మళ్ళీ మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే వచ్చింది. 2024 జూలై 10 న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 1986 చట్టంతో పాటు 125 వ సెక్షన్ కింద కూడా భరణం కోరవచ్చునన్నది (2024 జూలై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144 వ సెక్షన్ వచ్చింది). ఆ తీర్పులో జస్టిస్ నాగరత్న గృహిణుల గురించి రాసిన మాటలు అన్ని మతాల భర్తలూ చదవదగినవి. ఇంటిపట్టున ఉండి కష్టపడే భార్యకు డబ్బు భద్రత, నివాస భద్రత రెండూ కావాలని, జాయింటు ఖాతా వంటివి పెట్టుకొని ఆమెకు సంపాదనలో పాలు ఇవ్వాలని ఆమె సూచించారు.

ఇతర దేశాల్లోని మనవాళ్ళు

కాపురం సాగుతుండగా కూడబెట్టినదానిలో భార్యకు వాటా అంటే అదేదో పరాయి దేశపు మాట అని కొందరనుకుంటారు. మలయా దేశంలో భార్యాభర్తలు కలిసి వరిచేలలో కష్టపడేవారు. అక్కడి ముస్లిములు "హర్తా సెపెంచారియన్" అన్న పేరుతో, ఇద్దరి కష్టంతో వచ్చిన ఆస్తిని విడాకుల నాడు ఇద్దరికీ పంచే పద్ధతిని తరతరాలుగా పాటిస్తున్నారు. ఈనాడు మలేషియా షరీఅత్ కోర్టులే దాన్ని అమలు చేస్తాయి. భార్య సంపాదించకపోయినా ఇల్లు దిద్దుకొని పిల్లల్ని సాకిన కష్టాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. ఇండొనీషియా 1974 వివాహ చట్టం కాపురంలో వచ్చిన ఆస్తి ఉమ్మడి అన్నది. 1991 నాటి అక్కడి ఇస్లామీయ న్యాయ సంకలనం, వేరే ఒప్పందం లేకపోతే చెరి సగం అన్నది. మొరాకో 2004 కుటుంబ చట్టం, ఎవరి ఆస్తి వారిదే అంటూనే, కాపురంలో సంపాదించినదాన్ని ఎలా పంచుకోవాలో వేరే పత్రం మీద ముందే రాసుకోవచ్చునన్నది. మన దేశంలోనే గోవాలో పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ముస్లిములతో సహా అందరి విషయంలోనూ దంపతుల ఆస్తి ఉమ్మడే.

తక్కిన దేశంలో చాలామటుకు అలాంటి చట్టం ఏ మతం వారికీ లేదు. మన పొరుగింటి హిందూ సోదరి పేరు కూడా పట్టాలో లేకపోతే ఆమెదీ ఇదే అవస్థ. 2005 గృహహింస చట్టం కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది గాని, ఇంట్లో వాటా ఇవ్వలేదు. కావున కాగితమే దిక్కు.

చేతిలో ఉన్న మార్గాలు

చట్టం మారేదాకా ఎదురుచూడనక్కరలేదు. మన షరీఅత్‌లోనే మార్గాలున్నాయి.

మొదటిది, మహర్‌ను వస్తువుగా రాయడం. పదిహేను వందలని రాస్తే ఇరవై ఏళ్ళకు అది ఒక పూట సామాను ఖర్చు. అదే ఇంత తూకం బంగారమనో, వెండి అనో రాస్తే దాని విలువ దానితోనే ఉంటుంది. మహర్ ఫాతిమీ అంటూ మనవాళ్ళు ఎక్కువగా లెక్క కట్టేది అయిదు వందల దిర్హములు, అంటే సుమారు 1530 గ్రాముల వెండి. రూపాయల అంకె కాదు, తూకమని గమనించండి. స్తోమత ఉంటే ఇంటి స్థలమో, ఇంట్లో సగమో మహర్‌గా రాయవచ్చు. సాబిత్ గారు తోట ఇచ్చారు గదా.

రెండవది హిబా. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనపరచడం, ఈ మూడూ ఉంటే హిబా పూర్తవుతుంది. కాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011 లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఆంధ్ర నుంచి వెళ్ళిన కేసే. అయినా రిజిస్టరు చేయించమనే మా సలహా. ఆ కేసులో కాగితం 1968 నాటిది, తీర్పు 2011 ది. నలభై ఏళ్ళ వ్యాజ్యం ఎవరికి కావాలి? భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చి స్వాధీనపరచినది వెనక్కి తీసుకొనే వీలు హనఫీ న్యాయంలో లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మహర్ బాకీకి బదులుగా ఇల్లు రాసిస్తే మాత్రం అది అమ్మకం లాంటిది, రిజిస్ట్రేషన్ తప్పదు.

మూడవది, అన్నిటికంటే తేలికైనది. ఇల్లు కొనేనాడే ఇద్దరి పేర్లూ రాయించండి. ఆమె నగలు అమ్మితే, ఎన్ని తులాలో, ఏ రోజునో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అప్పు రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతే చెబుతున్నది. భార్య దగ్గర తీసుకున్నది అప్పు కాకుండా పోతుందా?

పెద్దలుగా కూర్చునేవారికి కూడా ఒక మాట. జోడే కి రఖం ఎంత పుచ్చుకున్నారో, జహేజ్ ఏమేం వచ్చిందో పెళ్ళినాడు గొప్పగా చెప్పుకుంటాము. తలాఖ్ నాడు ఎవరికీ ఏమీ గుర్తుండదు. కట్నం చట్టరీత్యా నేరము. 1961 చట్టం ప్రకారం అలా పుచ్చుకున్నది మూడు నెలల్లోగా ఆమెకే అప్పగించవలసి ఉన్నది. మహర్ ఒక్కదాన్నే ఆ చట్టం కట్నం కాదన్నది. మనమేమో కట్నాన్ని లక్షల్లోకి పెంచి, మహర్‌ను పదిహేను వందల దగ్గర ఆపాము. ఇది ఏ సున్నతో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాము. ఆమె తమ్ముడింటి ముందుగదిలో కుట్టుపని పెట్టుకొని పిల్లల్ని పెద్ద చేసింది. నిరుడు పెద్దపిల్ల నికాహ్‌కు మమ్మల్ని పిలిచింది. ఖాజీగారు సియాహా రాసేటప్పుడు మహర్ ఎంతని అడిగితే, పెళ్ళికొడుకు తండ్రి ఏదో రూపాయల అంకె చెప్పబోయాడు. తెర వెనుక నుంచి ఆ తల్లి గొంతు వినిపించింది.

"ఖాజీ సాబ్, రూపాయలొద్దు. నాలుగు తులాల బంగారం అని రాయండి. తూకం రాయండి."

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెళ్ళికొడుకే, రాయండి అన్నాడు. ఖాజీగారు రాశారు. సాక్షి సంతకం మాలో ఒకరు పెట్టారు.

మేము నాలుగు సార్లు కూర్చొని అడగలేకపోయింది ఆమె ఒక్క మాటలో అడిగింది. మన ఇళ్ళలో జరగబోయే ప్రతి నికాహ్‌లోనూ ఆ మాట ముందే, మగవారి నోటి నుంచే రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. న్యాయం చేసే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.